అపార్ట్‌మెంట్ గ్రూపులో గొడవ పెట్టేవారితో ఎలా వేగాలి?

మధురవాడలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకి మూడేళ్లుగా నేనే అడ్మిన్‌ని. ఎవరికీ అక్కర్లేని పదవి కాబట్టి నాకు దక్కింది.

ముందుగా, ఆ మనిషిది కడుపుమంటో, సరదానో తేల్చుకోండి. రెండూ పైకి ఒకేలా వినిపిస్తాయి. మొన్న ఎండాకాలంలో మూడో అంతస్తు పెద్దాయన రాత్రి 11:30కి వాయిస్ మెసేజ్ పెట్టారు: "ఏటండీ ఇది? మెయింటెనెన్స్ కట్టడానికి మేమూ, నీళ్లు వాడుకోడానికి మీరూనా?" పొద్దున చూస్తే 47 మెసేజ్‌లు. వాటిలో నీళ్ల ఊసున్నవి రెండే. మిగతావన్నీ ఆయన నోటి గురించి, ఆయన కారు పార్కింగ్ గురించి.

ఇలాంటప్పుడు గ్రూపులో వాదనకి దిగకండి. అక్కడ ఆయన మీతో కాదు, చూస్తున్న తొంభైమందితో మాట్లాడుతుంటారు. అందరి ముందూ తగ్గాలంటే ఎవరికైనా కష్టమే. "నీళ్ల సంగతి చూస్తున్నాం, సాయంత్రం ఆరింటికి చెబుతాం" అని ఒక్క ముక్క రాసి, ఆరింటికి నిజంగానే చెప్పండి. ఈలోపు ఫోన్ చేయండి, వీలైతే ఇంటికే వెళ్లండి. నేను వెళ్లాను. ట్యాంకర్ వచ్చిన రోజు కూడా ఆయన ఫ్లాట్‌కి నీళ్లు ఎక్కట్లేదట. చూస్తే వాల్వ్ సగమే తెరిచి ఉంది, ప్లంబర్ పది నిమిషాల్లో సరిచేశాడు. ఆయన అరవడం మానలేదుగానీ, ఇప్పుడు పగటిపూట అరుస్తున్నారు.

గ్రూపు వివరాల్లో నాలుగు నియమాలు రాసి పెట్టండి: కులం, మతం, రాజకీయాలు వద్దు; రాత్రి పది దాటితే అత్యవసరమైనవే. గొడవయ్యాక రాస్తే తన మీదే రాశారని ఆ మనిషి అనుకుంటాడు, అందులో తప్పేమీ లేదు.

పుకార్ల విషయంలో మాత్రం మొహమాటపడకండి. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే ఎవరో ఒకరు 2014 నాటి హుద్‌హుద్ వీడియోని ఇప్పుడే తీసినట్టు పంపేస్తారు. ఎవరు పెట్టినదైనా అడ్మిన్ అందరికీ కనబడకుండా డిలీట్ చేయొచ్చు. తీసేసి, మన విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ పెట్టండి. పంపినవారికి కారణం విడిగా చెప్పండి. మరీ చేయి దాటితే, అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చి ఆ పూటకి తాళం వేయండి.

బెదిరింపులు, ఆడవాళ్ల ఫొటోలతో వేషాలు అయితే నచ్చజెప్పడాల్లేవు. నంబరు, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీశాకే డిలీట్ చేయండి. బాధితురాలు సరేనంటే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడానికి సాయం చేయండి. అడ్మిన్‌గా మన మెడకి చుట్టుకుంటుందేమోనని టెన్షన్ పడేవారికి ఒక మాట: అడ్మిన్ అయిన ఒక్క కారణంతో సభ్యుడి పోస్టుకి బాధ్యుణ్ని చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది.

రెండుసార్లు విడిగా హెచ్చరించినా మారకపోతే, కమిటీలో మరో ఇద్దరిని అడిగి తీసేయండి. ఒక్కరే నిర్ణయిస్తే అది పగలా కనిపిస్తుంది. నీళ్లు, లిఫ్టు, కరెంటు కబుర్లకి మాత్రం అడ్మిన్లే రాసే గ్రూపు ఇంకొకటి పెట్టి, అందులో ఆయన్ని ఉంచండి. ఫ్లాటు ఆయనది కదా!

నెల పోయాక మళ్లీ చేర్చమంటే చేర్చుకోండి. మేము అలా చేర్చుకున్న ఒకాయన వచ్చీ రాగానే అడ్డంగా పెట్టిన కారు ఫొటో పెట్టారు. ఆ కారు నాదే.