ఈశాన్య వానలకు ముందు పనిముట్ల జాగ్రత్తలు: చెన్నైలో ఇంటి గ్యారేజీ ఉన్నవారికి

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన మనలో చాలామందికి వానాకాలం అనగానే జ్యేష్ఠ, ఆషాఢ మాసాలే గుర్తుకు వస్తాయి. ఈ నగరానికి మాత్రం అసలు వాన అక్టోబరు మూడో వారం ప్రాంతంలో, ఈశాన్య రుతుపవనాలతో మొదలవుతుంది. ఏడాది మొత్తంలో కురిసే సుమారు 1,400 మిల్లీమీటర్లలో దాదాపు 60 శాతం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. ఊరి అలవాటు కొద్దీ జూన్‌లో ఒకసారి పనిముట్లకు నూనె రాసి, ఆ ఏటికి ఆ పని తీరిపోయిందని అనుకునేవారికి అక్టోబరు నాటికి ఆ నూనె పొర మిగిలి ఉండదు. పనిముట్టు వట్టి ఇనుముగా వానాకాలంలోకి అడుగుపెడుతుంది.

మా ఇల్లు మడిపాక్కంలో, పళ్లికరణై చిత్తడి నేలకు ఎంతో దూరంలో లేదు. 2015 డిసెంబరు తొలి రోజుల్లో మా గ్యారేజీలో మోకాటి లోతు నీళ్లు మూడు రోజులు నిలిచాయి. కింది అరలో ఉన్న సుత్తులు, స్పానర్లు, పట్టకార్లు మునిగాయి. నీళ్లు తీయగానే వాటిని మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాశాము. వాటిలో చాలా భాగం ఈనాటికీ పనిచేస్తున్నాయి. మా మామగారు ఇచ్చిన ఉలులు అటక మీద, గట్టిగా మూత బిగించిన ఇనుప పెట్టెలో, పాత నూలు గుడ్డలో చుట్టి ఉన్నాయి. వాటికి చుక్క నీరు తగల్లేదు. ఫిబ్రవరిలో మూత తీస్తే ఆ గుడ్డ లోహానికి అతుక్కుపోయి, అంచుల దాకా తుప్పు తిన్న ఉలులు కనిపించాయి. వరద నీటి కంటే పెట్టెలో మనమే బంధించిన తేమ ఎక్కువ నష్టం చేసిందని ఆ రోజు అర్థమైంది. కింది జాగ్రత్తలన్నీ ఆ అనుభవం చుట్టూనే తిరుగుతాయి.

ఇనుము తుప్పు పట్టడానికి గాలిలోని ఆక్సిజన్, నీరు రెండూ కావాలి. నీరు కంటికి కనిపించేంత ఉండనక్కరలేదు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి పట్టగలిగే తేమలో నిజంగా ఉన్న భాగం, 60 శాతం దాటిందంటే లోహం మీద కనిపించని పలుచని నీటి పొర ఏర్పడి తుప్పు వేగం పుంజుకుంటుంది. వాన నెలల్లో చెన్నైలో అది 80 శాతం చుట్టుపక్కల ఉంటుంది. పైగా ఇది సముద్రతీరం కాబట్టి గాలిలో వచ్చే ఉప్పు రేణువులు లోహం మీద వాలి తేమను తమవైపు లాగుతాయి. చేతి చెమటలోని ఉప్పు కూడా ఇదే పని చేస్తుంది. నిగనిగలాడే ఉక్కు స్కేలు మీద వారం తరువాత వేలిముద్ర ఆకారంలోనే తుప్పు కనిపించడానికి కారణం అదే. రాత్రి చల్లబడిన బెంచి వైస్ వంటి బరువైన వస్తువులకు ఉదయం తలుపు తీయగానే తేమగాలి తగిలి, వాటి మీద చెమట పట్టినట్టు నీటి బిందువులు ఏర్పడతాయి. బరువైన ఇనుము వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి ముందు వాటినే చూడాలి.

పని మొదలుపెట్టడానికి ఆయుధపూజను గడువుగా పెట్టుకోవడం మంచిది. నవరాత్రుల నవమి చాలా ఏళ్లలో వానలు మొదలవడానికి కాస్త ముందే వస్తుంది. తమిళనాడులో ఆనాడు ప్రతి దుకాణంలో, ప్రతి వర్క్‌షాపులో పనిముట్లను కడిగి, తుడిచి పూజలో పెడతారు. మన ఇళ్లలోనూ అదే ఆచారం. అయితే తడి గంధం, కుంకుమ, పసుపు, నిమ్మరసం ఉక్కు మీద రాత్రంతా ఉంటే మచ్చ పడుతుంది. బొట్టును పదును మీద కాకుండా చెక్క పిడి మీద పెట్టి, మర్నాడు పొద్దున్నే పొడి గుడ్డతో తుడిచి, ఆ వెంటనే నూనె రాసేస్తే పూజా నిండుగా జరుగుతుంది, పనిముట్టూ నిలుస్తుంది.

నూనె రాసే ముందు పాత తుప్పును తీసివేయాలి, ఎందుకంటే తుప్పు పొర స్పాంజిలా తేమను పట్టి ఉంచుతుంది. పైపైన ఉన్నదానికి వైర్ బ్రష్షు, సన్నని ఎమరీ కాగితం చాలు. లోతుగా పట్టినదాన్ని ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, తోమి, వంటసోడా కలిపిన నీటిలో ముంచి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. సోడా నీటిలో ముంచకపోతే మిగిలిన ఆమ్లమే కొత్త తుప్పుకు దారి చేస్తుంది. వంటనూనెలు పనికిరావు, వాటిలో చాలావరకు కొన్ని నెలలకు జిగటగా మారి దుమ్మును పట్టుకుంటాయి. కదిలే కీళ్లకు కుట్టుమిషను నూనె, నెలల తరబడి కదపని వాటికి పలుచగా గ్రీజు లేదా పెట్రోలియం జెల్లీ రాయాలి. డబ్ల్యూడీ-40 వంటి స్ప్రేలు తడిని వెళ్లగొట్టడానికి బాగా పనిచేస్తాయి గాని వాటి పొర పలుచనిది. మూడు నెలల వానకు దాని మీదే ఆధారపడటం సరికాదు. రంపం బ్లేడుకు కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు, కోసే చెక్కకు నూనె మరకలు అంటవు. ఆకురాయికి (ఫైలుకు) మాత్రం నూనె రాయకూడదు. పళ్ల మధ్య పొడి ఇరుక్కుపోతుంది. దాన్ని బ్రష్షుతో శుభ్రం చేసి, మరో ఆకురాయికి తగలకుండా విడిగా పొడి డబ్బాలో ఉంచాలి.

ఇక దేనిలో పెట్టాలన్న విషయం. నూలు గుడ్డ, వార్తాపత్రిక, అట్టపెట్టె, స్పాంజి, ఇవన్నీ తేమను పీల్చి లోహానికి ఆనించి ఉంచుతాయి. తోలు ఒరలు ఇంకా ప్రమాదం. పచ్చితోలును శుద్ధి చేయడానికి వాడిన పదార్థాలే ఉక్కును తింటాయి. ఉలులను తోలు సంచిలో దాచడం గౌరవంగా కనిపించినా, వాన నెలల్లో వాటిని బయటికి తీసి, అంచులకు మాత్రం ప్లాస్టిక్ తొడుగులు వేసి ఉంచడమే మేలు. మూత ఉన్న పెట్టెను వాడవలసి వస్తే, ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం, పెట్టె, పనిముట్లు రెండూ ఆరి ఉన్నప్పుడు మూయాలి. వాన వెలిసిన సాయంత్రం మూస్తే ఆ సాయంత్రపు గాలిని కూడా లోపల దాచినట్టే. లోపల సిలికా జెల్ సంచులు వేసి, వాటి రంగు మారగానే తీసి, 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఓవెన్‌లో వేడి చేస్తే మళ్లీ పనికివస్తాయి. నీలం రంగు గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. అది విషం కాబట్టి పిల్లలున్న ఇంట్లో నారింజ రంగు గింజలనే కొనాలి, వాటినైనా వంటకు వాడే పాత్రలో వేడి చేయకూడదు. వెర్నియర్ కాలిపర్, మూలమట్టం వంటి కొలత సాధనాలకు ఈ పెట్టెలో మొదటి చోటు ఇవ్వాలి, ఎందుకంటే వాటి మీద పడిన చిన్న తుప్పు గుంట కొలతను శాశ్వతంగా చెడగొడుతుంది.

ఎంత ఎత్తులో పెట్టాలన్నది ఇంటింటికీ మారుతుంది. ఈ నగరంలో చాలా వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల పాత ఇళ్ల గ్యారేజీలు వీధి కంటే దిగువకు చేరాయి. 2015లోనూ, మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో ఇక్కడ కురిసిన వానకూ నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో మీ గోడ మీద మరక చెబుతుంది, లేదా చాలాకాలంగా అక్కడ ఉన్న పొరుగువారు చెబుతారు. ఆ గుర్తుకు కనీసం ఒక అడుగు పైన మొదటి అరను బిగించాలి. అరలకు చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. వాడితే ఒకసారి తడిసిన వెంటనే ఉబ్బి విరుగుతాయి. ఇనుప యాంగిల్ రాక్ గాని, ఐ.ఎస్. 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గాని వాడాలి. పనిముట్లు తగిలించే చిల్లుల పలకను బయటి గోడకు ఆనించి బిగించకుండా మధ్యలో రెండు అంగుళాల ఖాళీ వదిలితే గాలి ఆడుతుంది, గోడ చెమ్మ తగలదు. పలక మీద ఒక్కొక్క పనిముట్టు ఆకారాన్ని గీసి ఉంచితే, కరెంటు పోయిన రాత్రి టార్చి వెలుగులో ఏది ఎక్కడ ఉందో, ఏది తిరిగి రాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది. సుత్తి, గునపం వంటి బరువైనవి నడుము ఎత్తులోనే ఉండాలి. తల పైన తగిలించిన బరువు తుప్పుపట్టిన కొక్కెం తెగితే నేరుగా మనిషి మీద పడుతుంది.

చాలామంది పట్టించుకోని విషయం మరొకటి ఉంది. అదే గదిలో ఇంకేమేమి ఉన్నాయో చూడాలి. వానాకాలంలో బావికి, సంపుకు వేయడానికి తెచ్చుకునే బ్లీచింగ్ పౌడరు, బాత్‌రూము కడిగే ఆమ్లం, ఇన్వర్టర్‌కు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఎరువుల సంచులు పనిముట్ల దగ్గర ఉండకూడదు. బ్లీచింగ్ పౌడరు డబ్బా మూత ఎంత బిగించినా దాని నుంచి వచ్చే క్లోరిన్ ఆవిరి ఎదురుగా ఉన్న ఉక్కును కొద్ది వారాల్లోనే గోధుమ రంగుకు తిప్పుతుంది. ఆమ్లం, బ్లీచింగ్ పౌడరు కలిస్తే విషవాయువు పుడుతుంది కాబట్టి వరద నీటిలో ఆ రెండూ కలిసే అవకాశమే ఇవ్వకుండా వేరువేరు చోట్ల, ఎత్తున ఉంచాలి. తడిసిన కారును నేరుగా లోపల పెట్టి తలుపు మూస్తే కారు మీది నీరంతా ఆ గదిలోనే ఆవిరవుతుంది. వాన ఆగాక కాసేపు బయట నీరు కారనిచ్చి, తరువాత లోపలికి తేవాలి.

చెక్క పిడులకు కొందరు బాయిల్డ్ లిన్‌సీడ్ పేరుతో దొరికే అవిసె నూనె పట్టిస్తారు. అది మంచి అలవాటే. కాని ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడేస్తే, నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక, నిప్పు తగలకుండానే అవి అంటుకుంటాయి. ఆ గుడ్డలను ఒక్కొక్కటిగా విప్పి ఆరుబయట పరచాలి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూయాలి. థిన్నర్, పెట్రోలు నీటి మీద తేలి ఇల్లంతా పాకుతాయి కాబట్టి వాటిని వానాకాలం ముందే ఖాళీ చేయడం మంచిది.

విద్యుత్తు విషయంలో ప్లగ్గులన్నీ వరద గుర్తుకు పైన ఉండేలా ఎలక్ట్రీషియన్ చేత మార్పించి, గ్యారేజీ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే లైనును వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించి, దాని టెస్టు బటను నొక్కి చూడాలి. కార్డ్‌లెస్ డ్రిల్లు బ్యాటరీలను సగం చార్జితో ఇంట్లోకి తెచ్చుకోవాలి. తడిసిన లిథియం బ్యాటరీ ఆరినట్టు కనిపించినా చార్జింగ్‌కు పెట్టకూడదు.

కొన్ని పనిముట్లను గ్యారేజీలో అసలు ఉంచకూడదు. టార్చి, టెస్టర్, ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లేయర్, రెండు స్క్రూడ్రైవర్లు, సర్దుబాటు స్పానర్, హాక్సా, కొమ్మలు కోసే చేతి రంపం, మందపాటి చేతి తొడుగులు, తాడు, ఇవన్నీ ఒక సంచిలో మేడ మీద ఉండాలి. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను నగరంలో అసంఖ్యాకంగా చెట్లను కూల్చినప్పుడు చాలా ఇళ్లలో రంపం కింద, నీళ్లలో ఉంది, మనుషులు పైన ఉన్నారు. కొమ్మ తీగల మీద పడి ఉంటే మాత్రం రంపం ముట్టకుండా విద్యుత్తు శాఖవారు వచ్చేదాకా ఆగాలి.

గ్యారేజీలోకి నీరు వచ్చిందంటే, మెయిన్ స్విచ్ ఆపకుండా, ఆపినట్టు టెస్టర్‌తో చూడకుండా లోపల కాలు పెట్టకూడదు. మెయిన్ స్విచ్చే నీళ్లలో ఉంటే దాని జోలికి వెళ్లవద్దు. నీరు తగ్గాక అరల వెనుక, పెట్టెల కింద పాములు, తేళ్లు చేరి ఉంటాయి. ముందు కర్రతో తట్టి, టార్చి వేసి చూసి, తొడుగులు వేసుకుని చేయి పెట్టాలి. మురుగు కలిసిన నీటిలో పనిముట్టు గీసుకున్నా, కాలికి పుండున్నా వెంటనే సబ్బుతో కడిగి వైద్యుని దగ్గరకు వెళ్లాలి, ఎందుకంటే ధనుర్వాతంతో పాటు ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు కూడా అదే దారి. మునిగిన పనిముట్లను మట్టి ఆరిపోకముందే మంచినీళ్లతో కడగాలి. ఎండ లేకపోతే ఫ్యాను కింద ఆరబెట్టి, ఆ రోజే నూనె రాయాలి. రేపటికి వాయిదా వేస్తే తుప్పు మొదలైపోతుంది.

వానలు జనవరి మొదట్లో తగ్గుతాయి. సంక్రాంతి సెలవుల్లో ఒక పూట కేటాయించి, అన్ని పెట్టెల మూతలు తీసి, పాత గ్రీజు తుడిచి, తిరిగి పలుచగా రాయాలి. వానలో ఉబ్బిన చెక్క పిడులు అప్పటికి ఎండి కుంచించుకుంటాయి కాబట్టి సుత్తి తల, గొడ్డలి తల కదులుతున్నాయేమో ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూసి, వదులైనవాటికి చీల కొట్టి బిగించేదాకా వాటిని ఎవరూ వాడకుండా పక్కన పెట్టాలి.