మెదడు కణాల కరెంటు చదవడం – 3వ పాఠం: మెట్టు ఎత్తు, మెట్టు వెడల్పు

ముందుగా పోయిన పాఠంలోని లెక్కకు జవాబు. పొటాషియం కరెంటు ఏ వోల్టేజి దగ్గర ఆగి దిశ మారుతుందో నెర్న్‌స్ట్ సూత్రంతో కనుక్కోమన్నాను: మైనస్ 89 మిల్లీవోల్టులు. కణం లోపల పొటాషియం గాఢత 140 మిల్లీమోలార్, బయట 5, వేడి 37 డిగ్రీలు. మీకు ప్లస్ 89 వచ్చిందంటే సూత్రంలోని గాఢతల భిన్నం తిరగబడింది. బయటి అంకె పైన, లోపలి అంకె కింద వేసి మళ్ళీ చేయండి. ఈ 89 చివర్లో అవసరమవుతుంది.

ఈసారి ఒకే ఒక్క అయాన్ ఛానెల్ (కణం పొరలో ఉండి, ఆవేశమున్న అణువులైన అయాన్లను దాటనిచ్చే ప్రోటీన్ రంధ్రం) నుంచి వచ్చే కరెంటు గీతను చదువుదాం. 1976లో జర్మనీలోని గోటింగెన్‌లో ఎర్విన్ నేహర్, బెర్ట్ సక్‌మన్ కప్ప కండరపు పోగు మీద సన్నటి గాజు పిపెట్ మొనను ఆనించి, ఆ మొన కింద ఉన్న కాస్త పొర నుంచి వచ్చే కరెంటును మాత్రమే కొలిచారు. ఆ కండరానికి వచ్చే నరాన్ని ముందే తెంపి ఉంచారు. అలా చేస్తే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్లు (నరం వదిలే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగిలితే తెరుచుకునే ఛానెళ్ళు) పోగు పొడవునా పలచగా పరుచుకుంటాయి, ఒక్కొక్కటిగా దొరుకుతాయి. తర్వాత 1980లో, పిపెట్‌లోంచి కాస్త పీల్చితే గాజూ పొరా గట్టిగా అతుక్కుని నిరోధం గిగాఓమ్‌లలోకి వెళ్తుందని నేహర్ చూశారు. దాంతో గీతలో రొద బాగా తగ్గింది. ఇద్దరికీ 1991లో నోబెల్ వచ్చింది.

గ్రాఫ్ పేపరు తీసుకోండి. అడ్డంగా 100 మిల్లీసెకన్లు, నిలువుగా పికో ఆంపియర్లు (ఆంపియర్‌లో లక్ష కోట్లో వంతు). సున్నా దగ్గర ఒక గీత గీయండి. ఛానెల్ మూసి ఉన్నప్పుడు కరెంటు అక్కడే ఉంటుంది. 12వ మిల్లీసెకనులో గీతను నిట్టనిలువుగా మైనస్ 3కి దించి, 17లో పైకి తీసుకురండి. మళ్ళీ 40లో దించి 49లో ఎత్తండి, 70లో దించి 71లో ఎత్తండి. ఇలా గీత దిగి ఉన్న ఒక్కో భాగం ఒక మెట్టు, అప్పుడు ఛానెల్ తెరిచి ఉందన్నమాట. ధన అయాన్లు కణంలోకి వస్తే గీత కిందికి దిగుతుంది, ఇది అందరూ పాటించే పద్ధతి. ఇది న్యూరాన్‌లోని (మెదడు కణంలోని) ఎన్‌ఎండీఏ రిసెప్టర్ గీత అనుకుందాం. అది గ్లుటమేట్ అనే రసాయన సంకేతానికి తెరుచుకునే ఛానెల్. కణం వోల్టేజి మైనస్ 60 మిల్లీవోల్టులు.

ముందు ఎత్తు చూడండి. మూడు మెట్లూ 3 పికో ఆంపియర్లే. ఎన్‌ఎండీఏకి కరెంటు దిశ మారే వోల్టేజి దాదాపు సున్నా కాబట్టి అయాన్లను తోసే బలం, అంటే ఆ రెండు వోల్టేజిల తేడా, 60 మిల్లీవోల్టులు. 3ని 60తో భాగించి వెయ్యితో గుణిస్తే 50 పికోసీమెన్స్. అదే ఈ ఛానెల్ వాహకత, అంటే కరెంటును ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే కొలత. 3 పికో ఆంపియర్లంటే సెకనుకు సుమారు 1 కోటి 87 లక్షల ఆవేశాలు. ఒక్క ప్రోటీన్‌లోంచి! నాకు ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా ఆశ్చర్యం తగ్గదు.

ఇప్పుడు వెడల్పు. 5, 9, 1. ఇవి ఎప్పుడూ ఒకేలా ఉండవు, ఉండాలని చూడకండి. ఎప్పుడు మూసుకోవాలన్నది అణువుకు యాదృచ్ఛికం. అందుకే ఒక మెట్టును చూసి ఏమీ తేల్చకూడదు, వందల మెట్లు కొలిచి సగటు తీయాలి. మన గీతలో సగటు 5 మిల్లీసెకన్లు, తెరిచి ఉన్న సమయం 100లో మొత్తం 15, అంటే తెరిచి ఉండే సంభావ్యత 0.15.

కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడ: గీత ఒక్కోసారి మైనస్ 6కి దిగుతుంది. అది పెద్ద ఛానెల్ అని రాసేస్తారు. 3, 6 అని సమాన మెట్లు కనిపిస్తే పిపెట్ కింద రెండు ఛానెళ్ళు ఉన్నాయని, రెండూ ఒకేసారి తెరుచుకున్నాయని అర్థం. అప్పుడు సంభావ్యత లెక్క కూడా మారుతుంది.

ఎత్తునూ వెడల్పునూ విడివిడిగా చదవడం ఎందుకంత ముఖ్యమో 1984లో తెలిసింది. ప్యారిస్‌లో ఒక బృందం, అమెరికాలోని బెథెస్డాలో మరో బృందం ఎలుక న్యూరాన్ల మీద పనిచేస్తూ, బయటి ద్రవంలో మెగ్నీషియం ఉంటే ఎన్‌ఎండీఏ కరెంటు మైనస్ వోల్టేజిలో బాగా తగ్గిపోతుందని చూపించాయి. ప్యారిస్ బృందం ఒక్కో ఛానెల్ గీతను కూడా చూసింది. మెట్టు ఎత్తు తగ్గలేదు. కానీ ఒక్కో మెట్టు దువ్వెన పళ్ళలా ముక్కలైంది. అంటే దారి ఇరుకవలేదు, మెగ్నీషియం అయాను రంధ్రంలో ఇరుక్కుని, బయటికొచ్చి, మళ్ళీ ఇరుక్కుంటోంది. వోల్టేజిని ప్లస్ వైపు తీసుకెళ్తే ఆ అడ్డు తొలగిపోతుంది. అందుకే ఈ రిసెప్టర్ పనిచేయాలంటే గ్లుటమేట్, దానితోపాటు గ్లైసిన్ అనే మరో చిన్న అణువు అందాలి, అదే సమయానికి కణం వోల్టేజి కూడా పెరిగి ఉండాలి. సగటు కరెంటు ఒక్కటే కొలిస్తే తగ్గిందని మాత్రమే తెలిసేది.

ఒక జాగ్రత్త. రొద పోవాలని ఫిల్టర్‌ను (వేగంగా మారే సంకేతాలను తీసేసే సాధనాన్ని) మరీ తక్కువ ఫ్రీక్వెన్సీకి దించితే ఆ దువ్వెన పళ్ళు కలిసిపోయి, ఎత్తే తగ్గినట్టు కనిపిస్తుంది. మెగ్నీషియం గీత చదివేటప్పుడు ఫిల్టర్ ఎంతకు పెట్టారో ముందు చూడండి.

వచ్చే పాఠానికి లెక్క: ఒక పొటాషియం ఛానెల్, మైనస్ 40 మిల్లీవోల్టుల దగ్గర, మెట్టు ఎత్తు 4.9 పికో ఆంపియర్లు. గీత పైకి వెళ్తుందా, కిందికా? వాహకత ఎంత? 40తో భాగించకండి, పైన ఉంచుకోమన్న 89 ఇక్కడే కావాలి.