వానాకాలంలో గండిపేట లూప్‌కి సైకిల్ తీసే ముందు

హైదరాబాద్ శివారు నార్సింగి నుంచి గండిపేట, చిలుకూరు, మొయినాబాద్, హిమాయత్‌సాగర్ మీదుగా మళ్ళీ నార్సింగి చేరే దారి సుమారు 40 కిలోమీటర్లు. పెద్ద ఘాట్లేమీ లేవు. కాస్త అలవాటున్నవాళ్ళు మధ్యలో టీ తాగి కూడా పొద్దెక్కకముందే ఇంటికి చేరతారు. కానీ వానలు మొదలయ్యాక కిలోమీటర్ల కంటే ముందు ఆ దారిలో తారెంత, సిమెంటెంత, మట్టెంత అని లెక్క వేసుకోవాలి.

అంతకన్నా ముందు గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల నీటిమట్టం చూడండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఈ రెండూ నిండితే గేట్లు ఎత్తక తప్పదు. గండిపేట పూర్తి మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5. మట్టం ఆ దరిదాపుల్లో ఉండి, ఎగువన చేవెళ్ళ, వికారాబాద్ వైపు రాత్రి గట్టి వాన పడిందంటే ఆ ఆదివారానికి ఈ లూప్ మానేయండి. గేట్లు ఎత్తితే హిమాయత్‌సాగర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కనుండే సర్వీస్ రోడ్డు మీదికి నీళ్ళొస్తాయి. మోకాలి లోతే కదా అని దిగొద్దు, దయచేసి. ఆ ప్రవాహానికి సైకిల్ ఆగదు, మనిషీ నిలబడలేడు.

మట్టిదారి ఉంటే దాన్ని ముందు సగంలో పెట్టుకోండి. చేతుల్లో పట్టు, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఆ పని అయిపోవాలి. ఎర్రమొరం తడిసినా మెల్లగా దాటొచ్చు. నల్లరేగడి అలా కాదు. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరుకీ ఫోర్కుకీ మధ్య ముద్దగా పేరుకుని చక్రం బిగుసుకుపోతుంది. అక్కడ తొక్కే ప్రయత్నం చేయకుండా దిగి, సైకిల్ భుజాన వేసుకుని నడవడమే మంచిది. నాట్ల రోజుల్లో తారురోడ్డునీ నమ్మలేం. దమ్ము చేసి పొలంలోంచి వచ్చిన ట్రాక్టర్లు మట్టిపెళ్ళలు రాలుస్తూ పోతాయి. సన్న జల్లు పడితే అవి సబ్బు ముక్కలే. అలాంటి చోట బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా పోనివ్వండి.

పల్లెల్లో సిమెంటు రోడ్ల అంచు ఇంకా ప్రమాదం. వాన కోతకు పక్క మట్టి కొట్టుకుపోయి, జానెడు లోతు దిగిపోయి ఉంటుంది. ఎదురుగా బండి వస్తే కిందికి దిగుతాం, బాగానే ఉంటుంది. మళ్ళీ ఎక్కేటప్పుడు ముందు చక్రం అంచు వెంట ఏటవాలుగా రాసుకుందా, పడిపోవడం ఖాయం. ఆగి, సైకిల్ ఎత్తి రోడ్డు మీద పెట్టుకోండి. అర నిమిషం పని.

టైరు వెడల్పు 32 మిల్లీమీటర్లుంటే ఈ దారికి నిశ్చింత. గాలి మామూలుగా పెట్టేదానికంటే అయిదు పీఎస్‌ఐ తగ్గిస్తే పట్టు బాగుంటుంది. మరీ తగ్గిస్తే గుంతలో పడ్డప్పుడు రిమ్ము కొట్టుకుని ట్యూబు చిల్లుపడుతుంది. రెండు ట్యూబులు, పంపు తప్పనిసరి. సర్కారుతుమ్మ ముళ్ళు వాననీటితో రోడ్డు మీదికి కొట్టుకొస్తాయి. పంక్చరయితే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల వేలితో మెల్లగా చుట్టూ తడమండి. ముల్లు విరిగి మొన లోపలే ఉండిపోతుంది, బయటికి కనిపించదు. అది తీయకపోతే రెండో ట్యూబూ పోతుంది.

చక్రం అంచును పట్టి ఆపే రిమ్ బ్రేకులైతే తడిలో ఆలస్యంగా పడతాయి. దిగుడుకి ముందే ఒకసారి తేలిగ్గా నొక్కి నీళ్ళు తుడుచుకోనివ్వండి. నీళ్ళు నిలిచిన గుంత అడుగు కనిపించకపోతే పక్కనుంచే వెళ్ళండి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి, ముఖ్యంగా బీజాపూర్ హైవే దాటేటప్పుడు. శుక్ర, శని, ఆదివారాల్లో చిలుకూరు గుడి రద్దీ ఉంటుంది కాబట్టి ఆ ఊరు తెల్లవారగానే దాటేయండి.

ఉరుము వినిపిస్తే చెట్టు కిందికి వెళ్ళొద్దు, పక్కా ఇల్లో, బడో, దుకాణమో చూసుకోండి. వాన ఆగేలా లేకపోతే మొయినాబాద్‌లో ట్రాలీ ఆటో మాట్లాడుకుని, సైకిల్ అందులో వేసుకుని వచ్చేయండి. అందుకు సరిపడా డబ్బు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోను జేబులో ఉండాలి.