ధ్రువ పటం చూసి హిమపాతాన్ని అంచనా వేయడం ఎలా?

ఆషాఢంలో సాలూరులో ఎండగా ఉన్నప్పుడు బస్సెక్కి కొరాపుట్ వైపు వస్తూ, సుంకి ఘాట్ మలుపులు చేరేసరికి మబ్బు రోడ్డు మీదికే దిగి కిటికీ చువ్వలకు నీటిబొట్లు పట్టడం మనలో చాలామందికి అనుభవమే. కొండ అడ్డు తగిలిన గాలి పైకి లేచి చల్లబడుతుంది, అందులోని ఆవిరి మబ్బుగా మారుతుంది. ధ్రువ ప్రాంతాల్లో ఏ వాలు మీద హిమం ఎక్కువ పడుతుందో చెప్పడానికి ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. (మన ఇళ్లలో పొగమంచునూ మంచే అంటాం కనుక, ఆకాశం నుంచి రేకులుగా రాలేదాన్ని ఇక్కడ హిమం అంటున్నాను.)

ముందుగా అంటార్కిటికా పటంలో దక్షిణ అమెరికా వైపు తోకలా సాగిన ద్వీపకల్పాన్ని గుర్తించండి. దాని పొడవునా పర్వతాలున్నాయి. అక్కడ గాలులు ఎక్కువగా పడమటి సముద్రం మీదుగా వస్తాయి కనుక, పెన్సిల్‌తో ఆ దిశలో బాణం గీయండి. బాణం మొన తగిలే పడమటి వాలు మీద ఏడాదికి పడే హిమాన్ని కరిగిస్తే కొన్నిచోట్ల మీటర్ల లోతు నీరవుతుంది. శిఖరాలు దాటి కిందికి దిగే గాలి వేడెక్కి పొడిబారుతుంది కనుక, తూర్పు వైపు అందులో కొద్ది భాగమే దక్కుతుంది. గ్రీన్‌లాండ్‌లోనూ ఆగ్నేయ తీరానిది సమృద్ధి, ఉత్తర కొసన ఉన్న పియరీ లాండ్ దాదాపు ఎడారి.

ఎత్తు పెరిగేకొద్దీ హిమం పెరుగుతూనే ఉంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 2,835 మీటర్ల ఎత్తున ఉన్న దక్షిణ ధ్రువం వద్ద ఏడాది పొడవునా చేరే హిమం కరిగితే సుమారు 8 సెంటీమీటర్ల నీరే, అంటే మన దగ్గర ఒక్క రోజు కురిసే గట్టి వాన. సముద్రానికి దూరమైన, అతిశీతలమైన గాలిలో ఆవిరి బహు స్వల్పం. అందువల్ల తీరానికి దగ్గరగా నిలువుగా లేచిన వాలుకే మొదటి గుర్తు పెట్టండి.

ఇక అన్నిటికన్నా శ్రద్ధ కావలసిన విషయం, పడిన హిమం పడినచోటే ఉండకపోవడం. ఒక పళ్లెంలో గులకరాయి పెట్టి, చుట్టూ ముగ్గుపిండి పలుచగా చల్లి, ఒక పక్క నుంచి విసనకర్రతో మెల్లగా విసరండి. గాలి తగిలే వైపూ, రాయి పక్కలూ పళ్లెం అడుగు కనిపించేలా ఊడ్చుకుపోతాయి. రాయి చాటున పిండి సన్నని తోకలా పేరుకుంటుంది. అంటార్కిటికా పీఠభూమి మీద చల్లబడి బరువెక్కిన గాలి తీరం వైపు జారుతూ ఇదే పని చేస్తుంది. పర్వతాల అంచున కొన్నిచోట్ల హిమమంతా కొట్టుకుపోయి నీలిరంగు మంచుగడ్డ బయటపడేది ఇందుకే. అంటార్కిటికాలోనే ఉన్న మెక్‌మర్డో పొడి లోయల్లో పర్వతాలు మంచుప్రవాహాన్ని అడ్డుకుంటాయి, పడిన కాస్త హిమాన్నీ పొడిగాలి ఆవిరి చేస్తుంది. కాబట్టి పటం మీద పడేచోటికి ఒక గుర్తు, నిలిచేచోటికి వేరే గుర్తు పెట్టుకోండి.

అక్కడి పరిశోధకులు చాలాచోట్ల మంచులో వెదురు కర్రలు నాటి, బయటికి కనిపించే పొడవు ఎంత తగ్గిందో కొలిచి, పేరుకున్న హిమాన్ని లెక్కిస్తారు. మీ అంచనాను అలాంటి కొలతలతో సరిచూసేటప్పుడు ఒక్క కర్ర లెక్కను నమ్మవద్దు. అది రాయి చాటున నాటినదో, గాలికి ఎదురుగా నాటినదో ముందు చూసుకుని, వాలుకు అడ్డంగా నాటిన వరుస మొత్తం సగటునే తీసుకోండి.