బాప్టిస్టు సంఘం చరిత్ర ఎలా రాయాలి: న్యూయార్క్ జడ్సన్ చర్చి ఉదాహరణగా

నగరంలో ఉన్న పాత చర్చి చరిత్ర రాయమంటే చాలామంది పాస్టర్ల ఫొటోలు వరసగా పేర్చి, కింద సంవత్సరాలు వేసి, జూబిలీ సువనీర్ అచ్చేయిస్తారు. బాప్టిస్టు సంఘానికి ఆ పద్ధతి అస్సలు సరిపోదు. పైన బిషప్ ఉండడు, ఏం చేయాలన్నా సంఘమే కూర్చుని మాట్లాడుకుని తీర్మానం చేస్తుంది, కాబట్టి అసలు చరిత్ర ఆ తీర్మానాల్లోనే ఉంటుంది. దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పడానికి న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్క్వేర్ అనే పార్కు దగ్గరున్న జడ్సన్ మెమోరియల్ చర్చిని తీసుకుంటాను.

ముందు పేరు చూడండి. బర్మా వెళ్లిన మిషనరీ అదోనిరామ్ జడ్సన్ పేరు అది, కట్టించింది ఆయన కొడుకు ఎడ్వర్డ్. ఆ తండ్రికి ఆసరాగా 1814లో అమెరికా బాప్టిస్టులు పెట్టుకున్న మిషన్ సంస్థే తర్వాత శామ్యూల్ డేని తెలుగువాళ్ల దగ్గరికి పంపింది, ఆయన 1840లో నెల్లూరు చేరాడు. మన నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు సంఘాలవాళ్లకి ఈ చర్చి దూరపు చుట్టమే.

తర్వాత స్థలం. ఇక్కడే ఎందుకు కట్టారు అని అడగండి. 1890ల్లో స్క్వేర్‌కి ఉత్తరాన డబ్బున్నవాళ్ల ఇళ్లు, దక్షిణాన ఇరుకు గదుల్లో ఇటలీ నుంచి వలస వచ్చిన కూలి జనం. ఎడ్వర్డ్ దక్షిణం వైపే ఎంచుకున్నాడు. పైగా పేదల పేట కదా అని చౌకలో కానివ్వలేదు, ఆయిల్ కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ దగ్గర కూడా చందా తీసుకుని పేరున్న ఆర్కిటెక్ట్ స్టాన్‌ఫర్డ్ వైట్‌తో డిజైన్, జాన్ లఫార్జ్‌తో రంగుటద్దాల కిటికీలు చేయించాడు. నాకైతే ఈ ఒక్క నిర్ణయంలోనే ఆ సంఘం మనసు కనిపిస్తుంది.

ఇక మినిట్స్ బుక్కులు, అంటే సంఘం మీటింగుల్లో జరిగింది రాసిపెట్టే పుస్తకాలు. ప్రార్థనతో మొదలైంది, ప్రార్థనతో ముగిసింది అనే వాక్యాలు దాటేసి వాదన ఎక్కడ జరిగింది, డబ్బు ఎటు పోయింది, హాలు ఎవరికిచ్చారు అనేవి వెతకండి. జడ్సన్‌లో హాలు కళాకారులకిచ్చారు. 1961లో ఆల్ కార్మైన్స్ అనే పాస్టర్ అక్కడ నాటకాలు మొదలుపెట్టాడు, 1962 జూలై 6న జరిగిన నృత్య ప్రదర్శన అమెరికా ఆధునిక నృత్యాన్నే మలుపు తిప్పింది. 1970లో అమెరికా జెండా అనే అంశం మీద పెట్టిన బొమ్మల ప్రదర్శనకి ముగ్గురు కళాకారులు అరెస్టయ్యారు.

అన్నిటికన్నా కష్టం, సంఘంలో ఇప్పటికీ టెన్షన్ పుట్టించే విషయం రాయడం. దాచొద్దు. 1967లో, గర్భస్రావం ఇంకా నేరంగా ఉన్నప్పుడు, ఈ చర్చి పాస్టర్ హోవర్డ్ మూడీ మరికొందరు పాస్టర్లు, యూదు మతగురువులైన రబ్బీలతో కలిసి, మొత్తం 21 మంది, గర్భస్రావం కోసం దిక్కుతోచని ఆడవాళ్లకి సరైన డాక్టర్ దగ్గరికి దారి చూపిస్తామని పేర్లతో సహా బయటికి చెప్పారు. మీరు ఒప్పుకోండి, ఒప్పుకోకపోండి, వాళ్లు ఏం చేశారో పని ఎలా నడిచిందో మాత్రం వివరంగా రాయాలి: ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ఆ వారం ఏ పాస్టర్లని కలవచ్చో చెప్పేది, చర్చి ఉద్యోగి ఆర్లీన్ కార్మెన్ తానే పేషెంటులా వెళ్లి డాక్టర్లు ఎలాంటివాళ్లో చూసి వచ్చేది. పాస్టర్ పేరు పేపర్లో పడుతుంది, కార్మెన్ లాంటివాళ్ల పని మాత్రం అడిగితేనే బయటపడుతుంది. అందుకే ఆఫీసు చూసినవాళ్లని, వంట చేసినవాళ్లని, తలుపు తాళాలు పెట్టుకున్నవాళ్లని ఇప్పుడే కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. పెద్దవాళ్లయితే ఇంటికే వెళ్లండి, పాత ఫొటోలు పట్టుకెళ్తే మాటలు వాటంతటవే వస్తాయి.

చివరిగా కాగితాలు. జడ్సన్ పాత రికార్డులు న్యూయార్క్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. మీ సంఘానివి ఎవరింటి బీరువాలోనో ఉంటే ముందు స్కాన్ చేయించి, ఒక కాపీ సంఘం దగ్గర, ఇంకోటి బయట లైబ్రరీలో పెట్టండి. రాయడం ఆ తర్వాత మొదలుపెట్టినా ఫర్వాలేదు.