పాత జీపు వెనక డిఫరెన్షియల్ ఊళ ఇలా పోయింది

డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ శక్తిని చక్రాలకు పంచే గేర్ల పెట్టె. యాక్సిలరేటర్ తొక్కితే ఊళ, వదిలితే తగ్గుతుంటే అనుమానం అందులోని క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) మీదే. ఎప్పుడూ ఒకేలా వస్తే ముందు బేరింగులు చూడాలి. నా బండిది మొదటి రకం, పళ్లు అరిగిపోయాయి. రెండూ జతగానే మార్చాలి, ఒక్కటే మారిస్తే మళ్లీ అరుస్తుంది. విప్పేముందు బేరింగ్ క్యాపులకు పంచ్‌తో ఎడమ, కుడి గుర్తులు కొట్టాను. అవి తారుమారు కాకూడదు.

కొత్త పళ్లకు ప్రష్యన్ బ్లూ (పళ్లు ఎక్కడ తాకుతున్నాయో చూపే నీలి రంగు) రాసి తిప్పితే అచ్చు పళ్ల కొనల్లో పడింది. అంటే పినియన్ లోపలికి చాలలేదు. పెద్ద బేరింగ్ కప్పు వెనక సన్నటి షిమ్ (సర్దుబాటు రేకు) చేర్చాక అచ్చు నడిమికొచ్చింది. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) డయల్ గేజీతో 0.15 మి.మీ. దగ్గర పెట్టి, క్రౌన్ చుట్టూ నాలుగుచోట్ల చూశాను. పినియన్ ప్రీలోడ్ (దాని బేరింగుల బిగువు) కొలిచాకే ఆయిల్ సీల్ కొట్టాలి. ముందే కొడితే సీల్ బిగువు కొలతలో కలిసిపోతుంది. తర్వాత జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, ఫిల్లర్ రంధ్రం అంచు దాకా. హౌసింగ్ మీది బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే రంధ్రం) మట్టితో పూడుకుంటే కొత్త సీలు కూడా కారుతుంది, దాన్ని తప్పక శుభ్రం చేయండి.