జీడి ఫ్యాక్టరీకి సప్లయ్ చైన్ మేనేజర్: 3వ పాఠం – సగం రోజు పరీక్ష

మొదటి పాఠంలో మేనేజర్ చేయాల్సిన పనులు రాసుకున్నాం, రెండో పాఠంలో దరఖాస్తులు వడపోశాం. ఇప్పుడు మిగిలిన నలుగురైదుగురిని ఫ్యాక్టరీకి పిలవాలి. ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు చిన్న ఫ్యాక్టరీల్లో ఈ ఘట్టం చాలావరకు గంట సేపు మాటలతోనే ముగుస్తుంది. ఈ ఉద్యోగానికి మాటలు చాలవు. అభ్యర్థి చేతికి పిక్కలు (గుల్ల తీయని జీడి గింజలు), కాగితం, క్యాలిక్యులేటర్ ఇచ్చి సగం రోజు చూడండి.

లెక్కల కోసం ఒక ఫ్యాక్టరీని అనుకుందాం: రోజుకు 2 టన్నుల పిక్కలు ఆడుతుంది, అంటే 80 కిలోల బస్తాలు 25. నెలకు 25 పనిదినాలు, ఏడాదికి 300.

ముందుగా గోదాముకు తీసుకెళ్లి, ఒక లాటు (ఒకేసారి కొన్న సరుకు) చూపించి శాంపిల్ తీయమనండి. ఏమీ చెప్పకుండా గమనించండి. పైవరసలో రెండు బస్తాల మూతి విప్పి గుప్పెడు తీశారంటే అక్కడే సందేహించాలి. మంచి సరుకు మూతి దగ్గర, నాసిరకం అడుగున పెట్టడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. పని తెలిసినవారు పైన, మధ్యన, అడుగున ఉన్న బస్తాల్లోంచి తీసి, అంతా కలిపి, అందులోంచి కిలో తూస్తారు. గింజలు లెక్కబెడతారు. తేమ చూస్తారు. తర్వాత ప్రతి పిక్కనూ కోసి మంచి పప్పు, మచ్చ పడ్డదీ ముడుచుకున్నదీ, పూర్తిగా పాడైనదీ అని మూడు కుప్పలు చేస్తారు. మంచిది 255 గ్రాములు, మచ్చది 30 గ్రాములు వచ్చిందనుకోండి. మచ్చదాంట్లో సగమే లెక్క, కాబట్టి మొత్తం 270. దాన్ని బస్తా తూకం 80తో గుణించి, పౌండుకు 453.6 గ్రాములు కాబట్టి 453.6తో భాగిస్తే బస్తాకు 47.6 పౌండ్లు. దీన్నే అవుట్‌టర్న్ అంటారు. ఇది పొట్టుతో సహా తూకం, డబ్బాలోకి వెళ్లే పప్పు ఇంకా తగ్గుతుందని అభ్యర్థి తమంతట తాము చెబితే మార్కులు పెంచండి. ఒక్క పౌండు తేడా వస్తే నెలకు 625 బస్తాల మీద 283 కిలోలు పోతుంది. అందుకే సగం మార్కులు ఈ పరీక్షకే ఇవ్వమంటున్నాం.

రెండోది కాగితం మీద. 8 శాతం తేమ ఉన్న బస్తా 10,000 రూపాయలు, 14 శాతం తేమ ఉన్నది 9,500; రెండిటి అవుట్‌టర్న్ ఆరాక ఒకటే అనుకుంటే ఏది కొంటారు? 14 శాతం బస్తా 8 శాతానికి ఆరేసరికి 80 కిలోలు 74.8 అవుతుంది. కిలో 127 రూపాయలు పడుతుంది, మొదటిది 125. చవక అనుకున్నదే ప్రియం. పైగా ఎండబోసే కూలి, వాన పడితే బూజు.

మూడోది ఏడాది కొనుగోలు ప్లాను. మొత్తం 7,500 బస్తాలు. సిమెంటు, ఇంజనీరింగ్ కంపెనీల నుంచి వచ్చినవారు ఇక్కడే తడబడతారు. స్టాకు ఇంతకు తగ్గితే ఆర్డరు పెట్టాలన్న సూత్రం పప్పు నింపే ఖాళీ డబ్బాలకు పనికొస్తుంది: రోజుకు 10 కిలోల డబ్బాలు 50, సరుకు రావడానికి 12 పనిదినాలు, చేతిలో 5 రోజుల నిల్వ, అంటే 850కి తగ్గగానే ఆర్డరు. పిక్కలకు అది కుదరదు. మన వైపు పంట ఎండాకాలంలో కొన్ని వారాలే వస్తుంది. పశ్చిమ ఆఫ్రికాది దాదాపు ఫిబ్రవరి నుంచి జూన్ వరకు, టాంజానియాది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. అంతా సీజన్లోనే కొనేస్తామంటే బస్తా 10,000 చొప్పున ఏడున్నర కోట్లు కావాలి. అవసరమైనప్పుడు కొంటామంటే అన్‌సీజన్లో దళారి చెప్పిందే ధర. మంచి అభ్యర్థి జవాబు చెప్పేముందు మిమ్మల్నే అడుగుతారు: బ్యాంకు లిమిట్ ఎంత, గోదాములో ఎన్ని బస్తాలు పడతాయి, ఎండబోసే జాగా ఎంత? ఈ ప్రశ్నలు రాకపోతే ప్లాను ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

సరిహద్దు కాగితాల గురించి పది నిమిషాలు చాలు. పలాస డీలరు దగ్గర కొంటే సరుకు ఆంధ్ర నుంచి ఒడిశాకు రాష్ట్రం దాటుతుంది కాబట్టి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకం మీద పడే జీఎస్టీ). సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే పత్రం), మామూలు లారీకి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. లారీ దారిలో చెడిపోయి సరుకు వేరే బండిలోకి మార్చితే ఏం చేస్తారని అడగండి. ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీలో కొత్త బండి నంబరు ఎక్కించాలి, లేదంటే తనిఖీలో సరుకు ఆగుతుంది. రైతు దగ్గర నేరుగా పిక్కలు కొంటే జీఎస్టీ రివర్స్ చార్జీ కింద కొనేవారే కట్టాలని కూడా తెలిసుండాలి.

భాష సంగతి మరవకండి. గజపతి జిల్లాలో తెలుగుతో పాటు ఒడియా రాకుండా బేరం సాగదు. కొండ ఊళ్లలో సవర భాష వచ్చిన మనిషి వెంట ఉండాలి. అలాంటి మనిషిని ఎలా కుదుర్చుకుంటారో అభ్యర్థినే అడగండి.

ఈ వారం మీ పని: గోదాములో ఏదో ఒక లాటు తీసుకుని కటింగ్ టెస్టు (పైన చెప్పిన పిక్కలు కోసే పరీక్ష) మీరే చేసి, అంకెలు రాసిపెట్టుకోండి. అభ్యర్థి అంకెతో పోల్చడానికి అవి కావాలి. తేడా ఒక పౌండు దాటితే ఇద్దరూ మళ్లీ చేయాలి. జీతం, ప్రొబేషన్, ఎంత మొత్తం వరకు సంతకం అధికారం ఇవ్వాలన్నది 4వ పాఠంలో.